ముందు రేవు, తర్వాతే రోడ్డు



కారులో దూరప్రయాణం అనుకోగానే ఎవరైనా ముందు కిలోమీటర్లు లెక్కేస్తారు. టిఫిను ఎక్కడ, భోజనం ఎక్కడ, రాత్రికి గది ఎక్కడ అని చూసుకుంటారు. ఫోనులో మ్యాపు తెరిస్తే, ఎన్నింటికి బయల్దేరితే ఎన్నింటికి చేరతామో అదే చెప్పేస్తుంది. రోడ్డు సాగినంత దూరం ఈ లెక్క బాగానే ఉంటుంది. మధ్యలో ఓ నదీపాయ అడ్డొచ్చి, దాని మీద వంతెన లేక, కారును పంటు, అంటే బళ్ళను ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కించి దాటాల్సి వస్తే మాత్రం లెక్క మొదటి నుంచీ వేరేగా వేసుకోవాలి. రోడ్డు రాత్రీ పగలూ మన కోసం పడి ఉంటుంది. రేవు అలా కాదు. దానికి తగినంత నీరుండాలి, గాలి నెమ్మదిగా ఉండాలి, పంటు నడిపే సరంగు పనిలోకి రావాలి, పంటు నిండడానికి నాలుగు బళ్ళు పోగవ్వాలి. అందుకే ఇలాంటి ప్రయాణానికి బయల్దేరేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ముందు రేవు దాటే పూట నిర్ణయించుకోండి. మిగతా ప్రయాణాన్ని దాని చుట్టూ సర్దుకోండి.

ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు, మన కోనసీమ చాలు. హైదరాబాదులో బయల్దేరి విజయవాడ, అక్కడి నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం, పాలకొల్లు, నరసాపురం. నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటితే సఖినేటిపల్లి. అక్కడి నుంచి అంతర్వేది, రాజోలు, అమలాపురం, ముక్తేశ్వరం. ముక్తేశ్వరం దగ్గర గౌతమిని మళ్ళీ పంటు మీద దాటితే కోటిపల్లి. ఆపైన ద్రాక్షారామం, సామర్లకోట, కాకినాడ. తిరుగు ప్రయాణం రాజమండ్రి మీదుగా. పంచారామాల్లో నాలుగు, అంటే భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఈ దారిలోనే తగులుతాయి. అయిదోదైన అమరావతికి విజయవాడ దగ్గర కాస్త పక్కకు మళ్ళితే సరి. గుళ్ళ మీద అంత ఆసక్తి లేనివాళ్ళకు కొల్లేరు పక్షులున్నాయి, కొబ్బరితోటలున్నాయి, అంతర్వేది దగ్గర ఏరు సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు ఉంది.

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. ఎటు నుంచి వచ్చినా నీళ్ళు దాటకుండా అక్కడికి చేరలేం. ఒకప్పుడు ఇక్కడివాళ్ళకు ఆసుపత్రి కావాలన్నా, పెళ్ళివారు తరలి రావాలన్నా, కొబ్బరికాయలు అమ్ముకోవాలన్నా రేవే గతి. రాత్రిపూట నొప్పులొస్తే రేవులో తెల్లారే దాకా కూర్చున్న కథలు ఆ ఊళ్ళ పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినొచ్చు. ఇప్పుడు వంతెనలున్నాయి. వశిష్ఠ మీద చించినాడ, దిండిల మధ్య ఒకటి. వైనతేయ మీద పాశర్లపూడి, బోడసకుర్రుల మధ్య ఒకటి. గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య ఒకటి. ఈ మూడోదానికి జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఆ హెలికాప్టరు కూలింది కైకలూరు దగ్గర. ఇందాక చెప్పిన దారిలో మీరు దాటి వచ్చే ఊరే అది.

వంతెనలుండగా పంటు ఎందుకు అని మీరు అడగొచ్చు. అన్ని చోట్లా లేవు గనక. నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వంతెన కావాలని రెండు గట్ల జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. శంకుస్థాపనలు ఒకటికి మించి జరిగాయి. వంతెన ఎప్పుడో వస్తుంది, రావాలి కూడా. రోజూ దాటేవాళ్ళకు పంటు సరదా కాదు. వర్షంలో తడుస్తూ, కాలేజీ టైము దాటిపోతుంటే అవతల గట్టున ఉన్న పంటు ఎప్పుడొస్తుందా అని చూస్తూ నిలబడే పిల్లవాడిని అడగండి, చెబుతాడు. మనం ఏడాదికోసారి వచ్చి ఫోటోలు తీసుకుని పోయేవాళ్ళం. మన సరదా కోసం అది అలాగే ఉండిపోవాలనడం సబబు కాదు. ఉన్నన్నాళ్ళూ మాత్రం అంతర్వేదికి అదే దగ్గరి దారి. పాలకొల్లు వెనక్కి పోయి, చించినాడ వంతెనెక్కి చుట్టి రావాలంటే నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. పంటు మీద ఏరు దాటడానికి పావుగంట.

ఇక కాలం సంగతి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

గోదావరి వరద మన ఊళ్ళో పడిన వాన వల్ల రాదు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ద్వారా వచ్చి చేరుతుంది. కోనసీమలో ఎండ కాస్తూ ఉండొచ్చు, ఆకాశంలో మబ్బు తునక లేకపోవచ్చు, గోదావరి మాత్రం ఎర్రగా గట్లను ఒరుసుకుంటూ పారుతుంటుంది. అందుకని వానొచ్చేటట్టుందా అని ఆకాశం వంక చూడడం దండగ. రెండు అంకెలు చూడాలి. ఒకటి భద్రాచలం, రెండు ధవళేశ్వరం. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 11.75 అడుగులంటే బ్యారేజీ నుంచి సముద్రానికి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పోతున్నట్టు. ఆ నీరంతా మీరు దాటాల్సిన పాయల్లోంచే పోవాలి. అప్పుడు రేవులు మూసేస్తారు. చాలాసార్లు అంతకన్నా ముందే ఆపేస్తారు. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరానికి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి, వార్తలు వినేవాడికి ముందే కబురు అందుతుంది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ జూలైలో కోనసీమ లంకల్లో జనం మేడల మీద కూర్చుని పడవల కోసం ఎదురుచూశారు. అలాంటి వరద ఏటా రాదు, నిజమే. కానీ జూలై నుంచి సెప్టెంబరు దాకా రేవు తెరిచి ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఇక్కడో చిక్కు ఉంది. భోజనప్రియులు గోదావరి జిల్లాలకు పులస చేప కోసం వస్తారు. పులస సముద్రం నుంచి ఎదురెక్కేది సరిగ్గా ఆ ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే. కాబట్టి పులస పులుసు కావాలంటే వంతెన మీద రండి, పంటు కావాలంటే శీతకాలంలో రండి. రెండూ ఒకే ప్రయాణంలో కుదిరినవాడు అదృష్టవంతుడు, పైగా ఆ చేప ధర విన్నాక డీజిలు ఖర్చు గురించి మాట్లాడడు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. వేసవి ముదిరితే ఇసుక తిన్నెలు బయటపడి పంటు తిరిగే దారి ఇరుకైపోతుంది, చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది. నా మట్టుకు నేను డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలమంటాను. అందులోనూ సంక్రాంతి నాలుగు రోజులూ పంటుకు దూరంగా ఉండండి. హైదరాబాదు బళ్ళన్నీ విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గరే బారులు తీరతాయి, రేవుకు వచ్చాక ఇంకో బారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకునేవాళ్ళు రెండు రోజులు ముందే కోనసీమలో దిగి, పండుగ అయ్యాక ఇంకో రోజు ఆగి తిరిగి రావడం మేలు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో, రథోత్సవం భీష్మ ఏకాదశినాడు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది, 2021 ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్తది తయారైంది. ఆ రోజుల్లో అక్కడికి లక్షల మంది వస్తారు. రథం చూడాలని ఉంటే తప్పకుండా వెళ్ళండి, కారు మాత్రం నరసాపురంలో వదిలేసి, మీరు రేవు దాటి అవతల బస్సో ఆటోనో పట్టుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు, కోటిపల్లి రేవులో రద్దీ గురించి వేరే చెప్పాలా?

వరద లేని రోజుల్లోనూ నీరు ఒక్క తీరున ఉండదు. నరసాపురం సముద్రానికి దగ్గర, అక్కడి దాకా పోటూ పాటూ తెలుస్తాయి. రోజుకు రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు. ఈ వేళలు రోజురోజుకూ ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంటాయి. నిన్న ఉదయం ఎనిమిదింటికి రేవు నిండుగా ఉందని మీ బంధువులు చెప్పారనుకోండి, వారం తర్వాత అదే ఎనిమిదింటికి బురద కనిపించొచ్చు. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తేడా ఎక్కువ. నీరు బాగా లాగినప్పుడు పంటు గట్టు దాకా రాలేక ఆగిపోతుంది, కారు దిగాల్సిన వాలు నిట్టనిలువుగా తయారవుతుంది. మేట వేసిన చోట పంటు ఇరుక్కుంటే మళ్ళీ నీరు పెరిగే దాకా ఏటి మధ్య నిలబడాల్సిందే. కాబట్టి ముందురోజు రేవులో ఎవరినైనా అడగండి. టికెట్టు కొట్టేవాడి కన్నా టీకొట్టు ఆయన నయం. రేపు పొద్దున్న పాటు ఎప్పుడు, పెద్ద కార్లు ఎక్కుతున్నాయా, ఆఖరి పంటు ఎన్నింటికి, ఇలా మూడు ప్రశ్నలు వేస్తే మ్యాపు చెప్పనివన్నీ చెబుతాడు. రేవులకు వేలంపాట జరుగుతుంది. పాటదారు మారితే వేళలూ ధరలూ మారొచ్చు, పోయినేడు వెళ్ళొచ్చినవాళ్ళ మాట పట్టుకుని బయల్దేరకండి. గుజరాత్‌లో ఘోఘా నుంచి హజీరాకు 2020లో మొదలైన ఓడకైతే ముందే టికెట్టు కొనుక్కోవచ్చు, లారీలు కూడా ఎక్కుతాయి. మన రేవుల్లో రిజర్వేషను అంటే ముందొచ్చి వరసలో నిలబడడమే. జేబులో చిల్లర ఉంచుకోండి.

కారు ఎక్కించే పద్ధతి చెబుతాను, మొదటిసారి చూసేవాళ్ళకు గుండె దడదడలాడే చోటు అదే. రేవు వాలు మొదట్లోనే కారులోవాళ్ళందరినీ దింపేయండి. ముసలివాళ్ళున్నా, పిల్లలున్నా, అందరూ నడిచే ఎక్కాలి. నడిపేవాడొక్కడే లోపల. సీటు బెల్టు తీసెయ్యాలి, అద్దాలు పూర్తిగా దించాలి, పాటలు ఆపెయ్యాలి. పంటు నుంచి గట్టు మీదికి దించిన పలకల మీదుగా మొదటి గేరులో, ఆగకుండా, తొందరపడకుండా వెళ్ళాలి. ఎదురుగా పంటు మీద పనిచేసే కళాసీ నిలబడి రెండు చేతులతో సైగలు చేస్తుంటాడు. మన కళ్ళు అతని చేతుల మీదే ఉండాలి, కెమెరా తెర మీద కాదు. చక్రం పలక ఎక్కగానే కింద ఇనుము కిర్రుమంటుంది, పంటు ఓ జానెడు కుంగి మళ్ళీ లేస్తుంది. అక్కడ బెదిరి బ్రేకు తొక్కితేనే ఇబ్బంది. కింద ఎత్తు తక్కువున్న కార్లకు పలక అంచు దగ్గర పొట్ట గీసుకుంటుంది. అందుకని డిక్కీలో బరువులు ముందే తగ్గించుకోవాలి, లేదంటే ఆ సామాను చేత పట్టుకుని ఎక్కాలి. లోపలికి వెళ్ళాక ఎక్కడ ఆపమంటే అక్కడే ఆపండి. కుడివైపు రెండు కార్లుంటే ఎడమవైపు అంత బరువూ ఉండాలి. కావడి మోసేవాడికి ఉండే లెక్కే సరంగుకూ ఉంటుంది. మీకు నీడ కావాలనో, ముందు దిగాలనో అతనితో వాదించకండి. హ్యాండుబ్రేకు వేసి, గేరులోనే వదిలి దిగండి. కళాసీ వచ్చి చక్రాల కింద చెక్క ముక్కలు పెడతాడు. పెట్టకపోతే అడిగి పెట్టించుకోండి. ఏరు దాటే దాకా ఎవరూ కారులో కూర్చోవద్దు, ఎండగా ఉన్నా సరే.

లైఫ్ జాకెట్టు మాట వచ్చేసరికి మనవాళ్ళకు నవ్వొస్తుంది. ఈపాటి దూరానికెందుకండీ అంటారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి వరదతో ఉన్న రోజది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. దూరం ఎంతన్నది నీటికి పట్టదు. జాకెట్టు ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడగండి. పంటు అప్పటికే కిక్కిరిసి ఉంటే, ఇంకొక్క కారుకు చోటుందని వాళ్ళే పిలిచినా, తర్వాతి దానికి ఆగండి.

ఎక్కి కుదురుకున్నాక ఆ పావుగంటా మీదే. ఒక పక్క మోటారుసైకిళ్ళ మీద కొబ్బరి గెలలు, ఇంకో పక్క లేసు అల్లికల సంచులతో ఆడవాళ్ళు, రేకు డబ్బాలో పీతలు, పెళ్ళి శుభలేఖలు పంచడానికి పోతున్న ఓ తండ్రి. నరసాపురం వైపు రేవున్న ఊరు మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇక్కడ గిడ్డంగి పెట్టుకున్నారు, ఈ చుట్టుపక్కల ఓడలు కట్టేవారు. ఇక్కడి నూలుగుడ్డ ఈ ఊరిపేరుతోనే యూరపు బజార్లలో అమ్ముడుపోయింది. ఇప్పుడు ఆ గట్టు మీద దాని ఆనవాలేమీ కనపడదు. కోటిపల్లి రేవులో మాత్రం ఎదురుగా ఓ దృశ్యం ఉంటుంది. కోటిపల్లి, నరసాపురం రైలు మార్గం కోసం గౌతమిలో లేపిన స్తంభాలవి. బాలయోగి గారు స్పీకరుగా ఉన్న రోజుల్లో శంకుస్థాపన జరిగిన మార్గం. రైలు వచ్చాక ఆ కిటికీలోంచి పంటును చూస్తారు మన పిల్లలు, పంటు ఉంటే.

రోజులు ఎలా పంచుకోవాలి? మొదటి రోజు తెల్లవారకుండా హైదరాబాదులో బయల్దేరండి. విజయవాడ 270 కిలోమీటర్ల పైమాటే. మధ్యాహ్నానికి భీమవరం చేరతారు. దారిలో కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులను చూడడానికి ఓ గంట ఉంచుకోండి, శీతకాలంలో అవి కొల్లలు. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, ఇంకా వెలుతురుందిగా, అవతల గట్టుకు పోయి పడుకుందామంటారు. వద్దు. నాలుగు వందల కిలోమీటర్లు నడిపిన కాళ్ళతో సందెవేళ పలక ఎక్కడం మంచిది కాదు. వరస పెద్దదై ఆఖరి పంటు తప్పితే చీకట్లో మళ్ళీ పాలకొల్లు మీదుగా చుట్టాలి. ఆ రాత్రికి భీమవరంలోనో, పాలకొల్లులోనో, నరసాపురంలోనో ఉండిపోండి. రెండో రోజు పొద్దున్నే రేవు. సఖినేటిపల్లి నుంచి అంతర్వేది పది పన్నెండు కిలోమీటర్లు. దర్శనం, లైటుహౌసు, సముద్రం అయ్యాక దిండిలోనో, రాజోలు మీదుగా అమలాపురంలోనో మకాం. మూడో రోజు ఉదయం అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిని, అయినవిల్లి వినాయకుణ్ణి చూసుకుని, ముక్తేశ్వరం రేవుకు వెళ్ళండి. అక్కడ పంటు తిరగకపోతే రెండు దారులు. కిందికి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, పైకి రావులపాలెం, జొన్నాడ. ఏ దారిన పోయినా మధ్యాహ్నానికి ద్రాక్షారామంలో ఉంటారు. ఈ మూడో రోజును కాస్త వదులుగా ఉంచండి. గది డబ్బులు ముందే కట్టేసి, సాయంత్రం రైలో పెళ్ళో పెట్టుకుని రేవుకు వస్తే, పంటు ఆలస్యమైన ప్రతి నిమిషం ఇంట్లోవాళ్ళ మీద విసుక్కోవడానికే సరిపోతుంది.

కృష్ణ మీద ముక్త్యాల, మాదిపాడుల మధ్య బల్లకట్టు మీద దాటేవాళ్ళకూ ఈ జాగ్రత్తలే. అక్కడ చూడాల్సింది భద్రాచలం కాదు, పులిచింతల ప్రాజెక్టు నుంచి నీరు వదులుతున్నారా, ఎంత నిల్వ ఉంచారు అన్నది.

ఆఖరుగా ఒక మనవి. బయల్దేరే ముందురోజు సాయంత్రం ప్రాంతీయ వార్తల్లో ధవళేశ్వరం నీటిమట్టం వినండి. మొదటి హెచ్చరిక ఉందన్నా, తుపాను కబురు విన్నా, రేవు దాకా పోయి చూద్దాంలే అనుకోకండి. చించినాడ వంతెన తెరిచి ఉందో, మరమ్మతుల్లో ఉందో కనుక్కుని పాలకొల్లు నుంచి అటు తిరగండి. అంతర్వేదికి ఓ గంట ఆలస్యంగా చేరతారు, అంతే.